ఎవరి బాధ ఈ భాష

కొత్త ప్రోగ్రామింగ్ భాష నేర్చుకోవడానికి కూర్చున్నవాళ్లకు మొట్టమొదట ఎదురయ్యే ప్రోగ్రాం ఏ భాషలోనైనా ఒకటే. తెర మీద "హలో వరల్డ్" అని పడాలి. 1978లో బ్రయన్ కెర్నిగన్, డెనిస్ రిచీ రాసిన సి పుస్తకంతో ఈ ఆనవాయితీ ప్రపంచమంతా పాకింది. దానివల్ల ప్రయోజనం లేకపోలేదు. కంపైలర్ సరిగ్గా ఇన్‌స్టాల్ అయిందో లేదో తెలుస్తుంది, కొత్తవాళ్లకు కాస్త ధైర్యం వస్తుంది. కాని ఈ భాష ఎందుకు పుట్టింది, ఉన్న భాషలతో ఎవరు ఏం అవస్థ పడితే దీన్ని తయారు చేయాల్సి వచ్చింది అన్న సంగతి ఆ ప్రోగ్రాంలో ఎక్కడా కనిపించదు. తరువాతి పేజీల్లో కూడా చాలా పుస్తకాలు ఆ ఊసెత్తవు. వేరియబుల్ ఇలా రాయాలి, లూప్ ఇలా రాయాలి, ఇది మాత్రం రాయకూడదు అంటూ సాగిపోతాయి. రోగమేమిటో చెప్పకుండా మందు మింగించడం లాంటిదిది. మింగేవాళ్లకు చేదు ఒక్కటే తెలుస్తుంది.

ప్రతి ప్రోగ్రామింగ్ భాషా ఎవరో పడిన బాధకు జవాబు. ఆ బాధ తెలిసినవాళ్లకు భాష త్వరగా పట్టుబడుతుంది. తెలియనివాళ్లకు అందులోని ప్రతి నియమమూ ఎవరో కావాలని పెట్టిన ఆంక్షలా కనిపిస్తుంది. ఈ మాట నేను ఇంత గట్టిగా అనడానికి కారణం మొన్నటి వేసవి సెలవుల్లో మా ఇంట్లో నడిచిన రస్ట్ అనే భాష చదువు.

మా అక్క కూతురు బీటెక్ మూడో ఏడు చదువుతోంది. పైథాన్ చక్కగా వచ్చు. రస్ట్ వస్తే మంచి ఇంటర్న్‌షిప్ దొరుకుతుందని సీనియర్లు చెప్పారట, సెలవులకు మా ఇంటికి వస్తూ ఆ పుస్తకం వెంట తెచ్చుకుంది. నేను సి, జావాలతో చాలా ఏళ్లు ఉద్యోగం చేసినదాన్ని. రస్ట్ నాకూ కొత్తే. స్టీవ్ క్లాబ్నిక్, కరోల్ నికొల్స్ రాసిన పుస్తకాన్ని ఇద్దరం పక్కపక్కనే కూర్చుని చదవడం మొదలుపెట్టాం. పుస్తకం ఒకటే, పేజీ ఒకటే. ఎదురయ్యే ఎర్రర్ కూడా ఒకటే. కాని దాన్ని చదువుతున్న మనుషులం ఇద్దరం వేరు. ఆ తేడా నాకు మొదటి వారంలోనే తెలిసొచ్చింది.

రస్ట్‌లో వేరియబుల్ పేర్లు తెలుగులో పెట్టుకోవచ్చు. 2021 జూన్‌లో వచ్చిన 1.53 వెర్షన్ నుంచి ఆ వీలుంది. పిల్ల సరదాపడి 'ఊరు' అనే వేరియబుల్‌లో రాజమండ్రి అనే స్ట్రింగ్ పెట్టింది. రెండో లైనులో 'మజిలీ' అనే ఇంకో వేరియబుల్‌కి ఊరును ఇచ్చింది. మూడో లైనులో ఊరును ప్రింట్ చేయమంది. మూడే లైన్లు. కంపైలర్ ఒప్పుకోలేదు. తెర మీద ఎర్రగా ఈ0382 అనే నంబరు పడింది. కింద ఆ మూడు లైన్లనూ మళ్లీ చూపించి, ఒక్కో లైను కిందా గీతలు గీసి పక్కన కారణం రాసింది. ఊరు అనేది స్ట్రింగ్ రకం, దానికి కాపీ అయ్యే గుణం లేదు అని మొదటి లైను దగ్గర. విలువ ఇక్కడ చేతులు మారింది అని రెండో లైను దగ్గర. చేతులు మారాక ఇక్కడ వాడబోతున్నారు అని మూడో లైను దగ్గర. అన్నిటికన్నా కింద, కావాలంటే క్లోన్ చేసుకోండి, అంటే నకలు తీసుకోండి అని ఒక సలహా.

"అదేంటి పిన్నీ, ఇంకొకళ్లకి ఇస్తే నా దగ్గర లేకుండా పోతుందా? పైథాన్‌లో పోదే!" అంది.

స్ట్రింగ్ తీసేసి ఒక అంకె పెట్టి చూసింది. కంపైలర్ మాట్లాడకుండా ఊరుకుంది. రెండు వేరియబుల్స్‌లోనూ అంకె భద్రంగా ఉంది. దాంతో పిల్ల అయోమయం ఇంకా పెరిగింది. "అంకె అయితే ఒప్పుకుంటుంది, ఊరి పేరయితే ఒప్పుకోదు. ఇదెక్కడి న్యాయం?" అని నా వైపు తిరిగింది. కాసేపటికి దారి కనిపెట్టింది. ఎక్కడ ఎర్రర్ వస్తే అక్కడ క్లోన్ తగిలించడం. ఎర్రర్లు మాయమయ్యాయి, ప్రోగ్రాం నడిచింది. భాష మాత్రం ఒక్క అంగుళం కూడా లోపలికి దిగలేదు. రస్ట్ నేర్చుకునేవాళ్లలో చాలామంది ఈ దశలోనే చాలాకాలం ఉండిపోతారు. తెలివి తక్కువై కాదు. ఆ ఎర్రర్ వాళ్లను దేని నుంచి కాపాడుతోందో వాళ్లకెవరూ చూపించకపోవడం వల్ల.

అదే ఎర్రర్ నాకు అర్థం కావడానికి అరనిమిషం పట్టింది. చదివాక మనసు తేలికపడింది కూడా. ఎందుకంటే దాని వెనక ఉన్న బాధతో నా ఉద్యోగం తొలి ఏళ్లన్నీ గడిచాయి. స్ట్రింగ్ అంటే ఒకచోట ఉండే వస్తువు కాదు. రస్ట్‌లో దానికి రెండు భాగాలు. ఒకటి 24 బైట్ల చిన్న చీటీ. అక్షరాలు మెమరీలో ఎక్కడున్నాయి, ఎన్ని బైట్లున్నాయి, ఎంత చోటు కేటాయించారు అన్న మూడు వివరాలు అందులో ఉంటాయి. రెండోది అసలు అక్షరాలు. అవి హీప్ అనే మరో జాగాలో ఉంటాయి. ఊరును మజిలీకి ఇచ్చినప్పుడు కాపీ అయ్యేది ఆ చీటీ మాత్రమే. అక్షరాలు ఉన్నచోటే ఉంటాయి. ఇప్పుడు ఒకే జాగాను చూపించే చీటీలు రెండయ్యాయి. పని పూర్తయ్యాక ఆ జాగాను ఖాళీ చేసి వాపసు ఇవ్వాల్సింది ఎవరు? ఇద్దరూ ఇస్తే ఒకే జాగాను రెండుసార్లు వాపసు ఇచ్చినట్టవుతుంది. ఒకరు ఇచ్చేశాక రెండోవారు అదే జాగాను చదివితే అక్కడ ఏముంటుందో ఎవరూ చెప్పలేరు. అందుకే రస్ట్ ఒక్కదానికి ఒకే యజమాని అంటుంది, చేతులు మారాక పాత పేరును వాడనివ్వదు. ఈ నియమం పేరే ఓనర్‌షిప్. అంకెకు ఈ గొడవ లేదు. అది హీప్‌లో ఏ జాగా తీసుకోదు, మొత్తంగా కాపీ అయిపోతుంది.

ఈ ముక్క నోటితో చెప్పాను. పిల్ల బుద్ధిగా తలూపింది. ఊపడంలోనే తెలిసింది ఎక్కలేదని. పైథాన్‌లో మెమరీని వాపసు ఇచ్చే పని భాషే చూసుకుంటుంది. ఆ పనొకటి ఉందని కూడా తెలియకుండా ఎంత పెద్ద ప్రోగ్రామయినా రాయొచ్చు. పిల్ల జీవితంలో ఎప్పుడూ రాని కష్టానికి నేను విరుగుడు చెబుతున్నాను.

అందుకని రస్ట్ పక్కన పెట్టి సిలో ఒక చిన్న ప్రోగ్రాం దాని చేతనే రాయించాను. మాలక్ అనే ఫంక్షన్‌తో 32 బైట్ల చోటు అడిగి తీసుకుని అందులో 'విజయవాడ' అని రాయాలి. ఫ్రీ అనే ఫంక్షన్‌తో ఆ చోటు తిరిగి ఇచ్చేయాలి. మళ్లీ 32 బైట్లు అడిగి అందులో 'గుంటూరు' అని రాయాలి. చివరగా మొదటి పాయింటర్‌లో ఏముందో ప్రింట్ చేయాలి. రాసింది, నడిపింది. తెర మీద గుంటూరు అని పడింది.

విజయవాడ అడిగితే గుంటూరు వచ్చింది. ఎర్రర్ లేదు, హెచ్చరిక లేదు, ప్రోగ్రాం ఆగిపోలేదు. వాపసు ఇచ్చిన చోటునే సిస్టం రెండోసారి తీసి ఇచ్చింది. మొదటి పాయింటర్ ఇంకా అక్కడికే చూపిస్తోంది. పిల్ల తెర వైపు చాలాసేపు చూసి, "పిన్నీ, ఇది ఊరి పేరు కాకుండా ఎవరిదైనా బ్యాంకు ఖాతా అయితే?" అంది. నేను చెప్పదలచుకున్నదంతా ఆ ప్రశ్నలోనే ఉంది.

అప్పుడు కథలు చెప్పాను. 1988 నవంబరు 2న కార్నెల్ విశ్వవిద్యాలయం విద్యార్థి రాబర్ట్ మోరిస్ వదిలిన వార్మ్ అప్పటి ఇంటర్నెట్‌లో వేల యంత్రాలను స్తంభింపజేసింది. అది లోపలికి దూరిన దారుల్లో ఒకటి సి భాషలో గెట్స్ అనే ఫంక్షన్. ఇచ్చిన చోటు ఎంతో చూడకుండా వచ్చిన అక్షరాలన్నీ రాసుకుంటూ పోవడం దాని స్వభావం. ఆ ఫంక్షన్‌ను సి ప్రమాణం నుంచి పూర్తిగా తొలగించింది 2011లో. 2014 ఏప్రిల్‌లో హార్ట్‌బ్లీడ్ అనే లోపం బయటపడింది. వెబ్‌సైట్లకు భద్రత ఇచ్చే ఓపెన్ఎస్ఎస్ఎల్‌లోనే ఒక్క పొడవు సరిచూడకపోవడం వల్ల, బయటివాళ్లు అడిగినప్పుడల్లా సర్వర్ మెమరీ నుంచి 64 కిలోబైట్ల దాకా చదువుకోగలిగారు. తన ఉత్పత్తుల్లో ఏటా సరిదిద్దే భద్రతా లోపాల్లో దాదాపు 70 శాతం ఇలాంటి మెమరీ పొరపాట్లేనని మైక్రోసాఫ్ట్ 2019లో చెప్పింది. అంత డబ్బూ అంత నైపుణ్యమూ ఉన్న చోట కూడా అదే పరిస్థితి.

సి భాష చేసినవాళ్లను దీనికి తప్పుపట్టడం నాకు ఇష్టం లేదు. వాళ్ల బాధ వేరు. యంత్రం మారినప్పుడల్లా ఆపరేటింగ్ సిస్టం మొత్తం అసెంబ్లీలో మళ్లీ రాయాల్సిన కాలం అది. మెమరీ కొన్ని పదుల కిలోబైట్లు. అందులో కాపలా పెట్టడానికి చోటే లేదు. 1973లో యూనిక్స్‌ను సిలో తిరగరాయడం ఎంత పెద్ద విడుదలో ఆ పని చేసినవాళ్లకే తెలియాలి. ఒక తరం బాధను తీర్చిన భాష తరువాతి తరానికి ఇంకో బాధను మిగల్చడం ఈ రంగంలో మామూలు.

రస్ట్ మొదలైన తీరు కూడా పిల్లకు చెప్పాను. 2006లో కెనడాలోని వాంకూవర్‌లో గ్రేడన్ హోర్ అనే మొజిల్లా ప్రోగ్రామర్ పని ముగించుకుని ఇంటికి వచ్చేసరికి అపార్ట్‌మెంట్ లిఫ్టు పనిచేయడం లేదు. దాని సాఫ్ట్‌వేర్ క్రాష్ అయింది, అది మొదటిసారీ కాదు. ఆయన ఇల్లు 21వ అంతస్తులో. మెట్లెక్కుతూ, మనుషులు వాడే లిఫ్టును కూడా క్రాష్ కాకుండా రాయలేకపోతున్నామే అని మథనపడ్డాడు. సొంత సమయంలో ఒక కొత్త భాష మొదలుపెట్టాడు. 2009 నుంచి మొజిల్లా దానికి అండగా నిలిచింది. 2015 మే 15న 1.0 వెర్షన్ వచ్చింది. 2022 డిసెంబరులో వచ్చిన 6.1తో లినక్స్ కెర్నల్‌లోకి రస్ట్ అడుగుపెట్టింది. ఈ సంగతులు విన్నాక పిల్ల మళ్లీ ఆ మూడు లైన్ల ప్రోగ్రాం తెరిచింది. ఈసారి క్లోన్ జోలికి పోలేదు. మజిలీకి ఊరును ఇచ్చేయకుండా, ఆంపర్సండ్ గుర్తు పెట్టి చూడటానికి మాత్రమే ఇచ్చింది. కంపైల్ అయింది.

ముందు బాధ చూపించి తరువాత భాష చెప్పే పద్ధతి నాకు కొత్త కాదు. హైదరాబాద్ అమీర్‌పేటలో మైత్రీవనం పక్క సందుల్లో మా తరంవాళ్లు చాలామంది జావా నేర్చుకున్నారు. నేనూ అందులో ఒకదాన్ని. ఇరుకు గది, వందకు పైగా మనుషులు, చేతిలో జిరాక్స్ మెటీరియల్. మాకు చెప్పిన సార్ మొదటి క్లాసులో జావా ఒక్క లైను కూడా రాయలేదు. సి ప్లస్ ప్లస్‌లో ఒక ప్రోగ్రాం బోర్డు మీద రాసి, ఇక్కడ మెమరీ ఎవరు వదలాలో చెప్పండి అని అడిగారు. గదిలో తలో జవాబు. గంటసేపు ఆ వాదనే నడిపి, చివర్లో "ఈ గొడవ లేకుండా చేద్దామని కూర్చున్నవాళ్లు చేసిన భాష రేపు చూద్దాం" అని పంపేశారు. మర్నాడు, వాడుకలో లేని మెమరీని తానే వాపసు ఇచ్చే గార్బేజ్ కలెక్టర్ అంటే ఏమిటో ఆయన వివరించాల్సిన అవసరమే రాలేదు. ఇంజనీరింగ్ కాలేజీలో నాలుగేళ్లు చదివినా ఇలా చెప్పినవాళ్లు నాకు తగలలేదు. అమీర్‌పేట చదువును చిన్నచూపు చూసేవాళ్లంటే నాకు కోపం రావడానికి ఆ ఒక్క క్లాసు చాలు.

ఏ భాషను తీసుకున్నా ఇలా వెనక్కి వెళ్లి చూడొచ్చు. ఎర్‌లాంగ్ నేర్చుకునేవాళ్లను మొదటిరోజే ఇబ్బందిపెట్టేది ఒకటుంది: ఒక పేరుకి 5 అని ఒకసారి ఇస్తే ఆ ఫంక్షన్‌లో అది ఇక 6 కాదు. లూపులు రాసి అలవాటైనవాళ్లకు చేతులు కట్టేసినట్టు ఉంటుంది. కాని 1986 ప్రాంతంలో జో ఆర్మ్‌స్ట్రాంగ్, ఆయన సహచరులు ఎరిక్సన్ కంపెనీలో ఆ భాష చేసింది టెలిఫోన్ ఎక్స్ఛేంజీల కోసం. ఒకే సమయంలో వేల కాల్స్ నడుస్తుంటాయి. ఒక కాల్‌లో ఏదో చెడితే పక్క కాల్ తెగకూడదు. ప్రోగ్రాం మార్చాలన్నా ఎక్స్ఛేంజీ ఆపకూడదు. ఒకరి డేటాను ఇంకొకరు మార్చే వీలుంటే ఆ పూచీ ఎవరూ ఇవ్వలేరు. ఈ ఎక్స్ఛేంజీ గురించి రెండు నిమిషాలు చెప్పి ఆ నియమం చెబితే, కొత్తవాళ్లు దాన్ని తామే ఊహించగలరు.

పుస్తకంలో ఆప్షన్ అనే రకం వచ్చినప్పుడు నాకు ఈ నమ్మకం ఇంకా బలపడింది. విలువ ఉండొచ్చు లేకపోవచ్చు అనే చోట రస్ట్ ఆ సంగతి ముందే ఒప్పుకోమంటుంది. 'సమ్' అయితే ఏం చేయాలి, 'నన్' అయితే ఏం చేయాలి, రెండూ ముందే తేల్చుకోమంటుంది. విలువ లేదని చెప్పే నల్ అనే భావనను 1965లో ఆల్గాల్ డబ్ల్యూ భాషలో పెట్టిన టోనీ హోర్, 2009లో లండన్‌లో మాట్లాడుతూ అది తాను చేసిన వంద కోట్ల డాలర్ల పొరపాటు అన్నాడు. ఆ చరిత్ర చెబుదామని నేను నోరు తెరిచేలోగానే పిల్ల పేజీ తిప్పేసింది. "ఇది నాకు తెలుసు పిన్నీ. పైథాన్‌లో నన్‌టైప్ ఎర్రర్‌తో మినీ ప్రాజెక్టు డెమో ఆగిపోయింది" అంది. తాను పడిన బాధ కనక దానికి ఎవరి వివరణా అక్కర్లేకపోయింది. ఓనర్‌షిప్ కన్నా ఆప్షన్ తేలికైన విషయమేమీ కాదు.

ఇక స్ట్రింగుల అధ్యాయం. ఇక్కడ మేం చాలారోజులు ఉండిపోయాం. ఉండాల్సిన చోటే అది.

రస్ట్‌లో ఒక స్ట్రింగ్‌లోని మొదటి అక్షరం ఇవ్వమని బ్రాకెట్లలో సున్నా పెట్టి అడిగితే కంపైలర్ ఒప్పుకోదు. సిలో, జావాలో, పైథాన్‌లో మొదటి వారంలోనే చేయించే పని ఇది. స్ట్రింగును అంకెతో ఇండెక్స్ చేయడం కుదరదు అని రస్ట్ తేల్చి చెబుతుంది. ఇంగ్లిష్ మాత్రమే రాసే ప్రోగ్రామర్లు చాలామందికి దీని మీద చిరాకు. మాకు మాత్రం కారణం తెలుగులోనే దొరికింది.

'తెలుగు' అనే మాటను తీసుకుందాం. చదివేవాళ్ల కంటికి మూడు అక్షరాలు. యూనికోడ్ లెక్కలో ఆరు: త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము. యూటీఎఫ్-8 పద్ధతిలో మెమరీలో పెడితే ఒక్కోటి మూడు బైట్లు, మొత్తం 18. సిలో పొడవు అడిగితే 18 అంటుంది. పైథాన్, జావా 6 అంటాయి. ఒకటో తరగతి పిల్లని అడిగితే 3 అంటుంది. ఎవరూ తప్పు చెప్పడం లేదు. మరి మొదటి అక్షరం ఏది? సి ఇచ్చేది 224 అనే అంకె. త అనే అక్షరానికి మెమరీలో 224, 176, 164 అనే మూడు బైట్లుంటే అందులో మొదటిది మాత్రమే. అది ఏ అక్షరమూ కాదు. పైథాన్ ఇచ్చేది 'త'. ఆ మాటలో 'త' అనే అక్షరం ఎవరి కంటికీ కనిపించదు, ఉన్నది 'తె'. ఇదే మాటను పైథాన్‌లో తిరగేస్తే 'గులుతె' రావాలి కదా, కొమ్ము ఒక్కటే ముందుకొచ్చి దిక్కులేకుండా నిలబడుతుంది.

రస్ట్ ఊహించి చెప్పడానికి ఒప్పుకోదు. బైట్లు కావాలా, యూనికోడ్ విలువలు కావాలా నువ్వే చెప్పు అంటుంది. బైట్ల లెక్కన ముక్క కోయమని అడిగి, ఒక యూనికోడ్ విలువ మధ్యలో కత్తి పెడితే ప్రోగ్రామునే ఆపేస్తుంది. కంటికి కనిపించే అక్షరాలు కావాలంటే అందుకు వేరే లైబ్రరీ తెచ్చుకోమంటుంది. ఇంత పట్టుదల ఎందుకని ఎవరైనా అడిగితే నేను ఒక రసీదు చూపిస్తాను. మా ఇంటి పన్నుకో దేనికో ఎప్పుడో కట్టిన డబ్బుకు ఇచ్చిన తెలుగు రసీదు. పేరు గడిలో మా నాన్నగారి పేరు సగం ఉంది, చివర నల్లటి డైమండ్ బొమ్మలో ప్రశ్నార్థకం ఉంది. పేరుకు 20 బైట్లు అని ఎవరో నిర్ణయించి ఉంటారు. ఆరు యూనికోడ్ అక్షరాలకు 18 బైట్లు పోగా, ఏడో అక్షరానికి రెండు బైట్లు మిగిలాయి. మూడోది లేకుండా ఆ రెండిటికీ అర్థం లేదు కాబట్టి ఆ గుర్తు పడింది. ఇంగ్లిష్ పేరయితే 20 అక్షరాలూ హాయిగా పట్టేవి.

పిల్లకు ఇది చెప్పాల్సిన పని పడలేదు. తన పేరు చివర గుణింతం తెగి అచ్చయిన సర్టిఫికెట్ తన ఫైల్లోనే ఉంది. "అయితే ఈ భాషలో రాసుంటే అది అచ్చవకముందే ఆగిపోయేదన్నమాట" అని, అధ్యాయం ఆ సాయంత్రమే పూర్తిచేసింది. ఓనర్‌షిప్ దగ్గర వారం రోజులు పెనుగులాడిన పిల్లే. ఈసారి తాను ముందుండి నాకు చెప్పింది. బాధ మనదైనప్పుడు భాష ఎంత దగ్గరగా వస్తుందో అప్పుడు చూశాను.

ఆ పుస్తకంలోనే ఒక ఉదాహరణ ఉంది. హిందీలో 'నమస్తే' అని రాసి, బైట్లు 18, యూనికోడ్ విలువలు 6, మనిషి అక్షరాలుగా లెక్కపెట్టేవి 4 అని చూపిస్తారు. న, మ, పొల్లుతో స్, తే. రచయితలు మన లిపుల గురించి ఆలోచించినందుకు సంతోషించాం. కాని మా లెక్క కుదరలేదు. తెలుగు బడిలో చదువుకున్న ఎవరైనా న, మ, స్తే అని మూడే అంటారు. స్తే ఒక్క అక్షరం, సకారం కింద తావత్తు. నాలుగు ఎక్కణ్ణుంచి వచ్చిందా అని వెతికితే అది యూనికోడ్ పాత నియమం. పొల్లు దగ్గర అక్షరం తెగుతుందని అందులో ఉండేది. 2023లో వచ్చిన 15.1 వెర్షన్‌లో దేవనాగరి, తెలుగు వంటి కొన్ని లిపులకు సంయుక్తాక్షరాన్ని తెగకుండా ఉంచే నియమం చేర్చారు. తెలుగు యూనికోడ్‌లోకి వచ్చింది 1991లో, మొదటి వెర్షన్‌లోనే. మన వత్తులు మన వత్తుల్లా లెక్కకు రావడానికి ముప్పై ఏళ్లు దాటింది. ఇటువంటి చోట్ల తెలుగు ప్రోగ్రామర్లు ఇంకా చాలామంది మాట్లాడాలని నా కోరిక. ఈ బాధ ఏమిటో మనకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది?

బాధ తెలిస్తే అంతా తేలికే అని నేననను. నా కష్టం నాకుంది. సి నేర్చుకున్నవాళ్లం ఏ కొత్త భాషలోనైనా చేయి తిప్పుకోవడానికి లింక్డ్ లిస్ట్ రాసి చూస్తాం. ముందు నోడ్ వెనక నోడ్‌ను, వెనక నోడ్ ముందు నోడ్‌ను పట్టుకుని ఉండే రెండువైపుల లిస్ట్ రస్ట్‌లో రాయబోతే అడుగడుగునా అడ్డు. ఒక్కదానికి ఒకే యజమాని అంటుంది భాష. ఒకదాన్నొకటి పట్టుకున్న నోడ్లలో యజమాని ఎవరు? పిల్లకు ఈ ఇబ్బందే రాలేదు, అది పైథాన్‌లో మామూలు లిస్టులే వాడింది, ఇక్కడా అలాంటి వెక్ అనే రకం వాడింది. పాత బాధలు తెలిసిన నాకు పాత అలవాట్లూ ఉన్నాయి. అవి ఏ భాష పుస్తకంలోనూ ఉండవు. వాటిని ఒక్కొక్కటిగా వదిలించుకోవాల్సిందే.

అలాగే కొన్నిటికి వెనక బాధంటూ ఏమీ ఉండదు. ప్రింట్ మాట చివర ఆశ్చర్యార్థకం ఎందుకని పిల్ల అడిగింది. మాక్రోకు గుర్తుగా పెట్టారు, అంతే. వేరేలా కూడా పెట్టొచ్చు. లైను చివర సెమికోలన్ ఉంటే ఒక అర్థం, లేకపోతే ఇంకో అర్థం. ఇవి కంఠతా పట్టాలి. వీటికి కారణాలు వెతుకుతూ కూర్చుంటే పొద్దుపోతుంది.

ముందు సి నేర్చుకోకుండా రస్ట్ జోలికి రావద్దని కొందరు పెద్దలు గట్టిగా చెబుతారు. నేను ఒప్పుకోను. నేను పదేళ్లు పడింది పిల్ల కూడా పదేళ్లు పడాలనడం పెద్దరికం కాదు. విజయవాడ అడిగితే గుంటూరు వచ్చే ప్రోగ్రాం రాయడానికి దానికి అరగంట పట్టింది. సి భాషంతా రానక్కర్లేదు, ఆ ఒక్క తెర చూస్తే చాలు. పాఠం చెప్పేవాళ్లు, పుస్తకాలు రాసేవాళ్లు ప్రతి పెద్ద నియమానికి ముందు అలాంటి అరగంట కేటాయించాలి. రస్ట్ కంపైలర్ చేసినవాళ్లకు ఈ ఆలోచన ఉంది. ఎక్స్‌ప్లెయిన్ అని చెప్పి ఈ0382 అనే నంబరు ఇస్తే, తప్పుగా రాసిన ఒక చిన్న ప్రోగ్రాం, అది ఎందుకు కుదరదో, ఎలా దిద్దాలో చూపిస్తుంది. అక్కడ కూడా ఈ నియమం లేని రోజుల్లో ఏం జరిగేదో మాత్రం చెప్పదు. ఆ ముక్క ఇంకా మనుషులే చెప్పాలి.

అరువిచ్చిన విలువ ఎంతకాలం చెల్లుతుందో చెప్పే లైఫ్‌టైమ్స్ అధ్యాయం చదివే ముందు పిల్ల తానే అడిగింది, "ఇది లేనప్పుడు సిలో ఏమయ్యేది పిన్నీ?" అని. ఫంక్షన్ లోపల పుట్టిన స్ట్రింగ్ అడ్రసును బయటికి పంపే ప్రోగ్రాం రాశాం. సి కంపైలర్ జీసీసీ హెచ్చరించింది కాని ఆపలేదు, నడిపితే కుప్పకూలింది. తరువాతే పుస్తకం తెరిచాం. రెండు పేర్లలో పొడవైనదాన్ని తిరిగి ఇచ్చే ఫంక్షన్‌కు కంపైలర్ ఈ0106 అని అభ్యంతరం చెబితే, తిరిగొచ్చేది రెండిట్లో దేన్ని నమ్ముకుని బతుకుతుందో కంపైలర్‌కు తెలియదు కదా అని పిల్లే అంది. ఆ సంగతి చెప్పే లైఫ్‌టైమ్ గుర్తులు రాయడం ఇంకా ఇద్దరికీ చేతికి అలవాటు కాలేదు.

ఇప్పుడు అసింక్ అధ్యాయం దగ్గర ఆగాం. దాని వెనక బాధ ఇది. ఒకే సర్వర్ పదివేల కనెక్షన్లను ఎలా మోయాలన్నది 1999లో డాన్ కెగెల్ రాసినప్పటినుంచి అందరూ తల పట్టుకున్న సమస్య. ఆ బాధ నేనూ పడలేదు, నా ఉద్యోగంలో అంత రద్దీ ఉన్న సర్వర్ ఎప్పుడూ రాలేదు. పిల్ల సంక్రాంతికి వస్తానంది. కనెక్షన్‌కు ఒక థ్రెడ్ చొప్పున ముందు ఒక సర్వర్ రాసి, నా పాత లాప్‌టాప్ మీద దానికి కనెక్షన్లు పెంచుకుంటూ పోతాం. అది ఎక్కడ చతికిలబడుతుందో చూశాక ఆ అధ్యాయం తెరుస్తాం.